జిగురు కంపెనీకి దుప్పట్లావిడ రాసిన ఉత్తరం

మడతపెట్టబోయే ప్రతి దుప్పటినీ దుప్పట్లావిడ ముందు ముఖానికి అదుముకుని గట్టిగా ఒక్కసారి ఊపిరి పీలుస్తుంది. పందొమ్మిదేళ్ల అలవాటు అది. సబ్బు సరిగ్గా జాడించకపోతే ఒక వాసన, తడి మిగిలిపోతే ఒక వాసన, ఇస్త్రీపెట్టె ఎక్కువ కాలితే ఇంకో వాసన. కంటికి కనపడని తప్పును ముక్కు పట్టేస్తుంది. ఏడాదిగా మాత్రం ఆవిడ ఆ పని చేసేముందు కళ్లు గట్టిగా మూసుకుంటోంది, చేదుమందు తాగబోయే పిల్లలాగా. ముక్కుకు తగులుతున్నది ఆవిడ తప్పు కాదు. ఉడికిన ఎముక.

ఇంటి వెనక మురుగుకాలవ, కాలవ అవతల జిగురు ఫ్యాక్టరీ. కబేళాల నుంచి లారీల్లో ఎముకలు, గిట్టలు, తోలుముక్కలు వస్తాయి. పెద్ద గంగాళాల్లో ఉడుకుతాయి. డబ్బాల్లో జిగురై బయటికి పోతాయి. నిరుడు రెండో బాయిలరు పెట్టినప్పటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు మూతలు తెరిచి నాలుగింటికి మూస్తున్నారు. మూతలు తెరిచాక వచ్చేదాన్ని కంపు అంటే తక్కువ చేసి చెప్పినట్టే. తియ్యగా మొదలవుతుంది, గొంతులోకి దిగేసరికి జిడ్డవుతుంది, ఆ తర్వాత మంచినీళ్లు తాగినా అదే రుచి. నాలుక మీద ఎవరో పూత పూసినట్టుంటుంది.

లాడ్జి నుంచి మాసిన దుప్పట్లు వచ్చేది పదిన్నరకు, గదులు ఖాళీ అయ్యాక. ఉతికి జాడించేసరికి పన్నెండున్నర. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా డాబామీద తీగెలకు ఆరాలి. రాత్రి ఏడింటికల్లా ఇస్త్రీ అయి తిరిగి లాడ్జికి చేరాలి. రోజులో ఉన్న ఇరవైనాలుగు గంటల్లో ఫ్యాక్టరీవాళ్లకు ఆ మూడు గంటలే దొరికాయి.

నెల మొదట్లో లాడ్జి మేనేజరు ఒక దుప్పటిని రెండు వేళ్లతో పట్టుకుని తెచ్చి ఆవిడ బల్లమీద పడేశాడు.

"పదకొండో నంబరు గదిలో దిగినాయన పొద్దున్నే కిందికొచ్చి, మంచం కింద ఏదో చచ్చిపడుందన్నాడమ్మా. మంచం తిరగేశాం, బీరువా జరిపాం. తీరా చూస్తే ఇదిగో, ఇది."

"మూడుసార్లు జాడించానండీ."

"నువ్వు జాడించలేదని ఎవరన్నారు? నువ్వు కాబట్టే ఇన్నాళ్లు ఓర్చుకున్నా. నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత మెషీన్లో ఆరబెట్టే లాండ్రీకి ఇచ్చేస్తాను. నామీద కోపం పెట్టుకోకు."

ఇరవైఒక్క గదులు, రోజుకు నలభైరెండు దుప్పట్లు. ఆ లాడ్జి పోతే దుప్పట్లావిడకూ, ఆవిడతో కలిసి ఇస్త్రీ చేసే ఆడపడుచుకూ పనిలేదు. భర్త లారీ డ్రైవరు. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు, ఆ నాలుగు రోజులూ నిద్రపోతాడు. ఆయనకు చెప్పుకోవడమూ గోడకు చెప్పుకోవడమూ ఒకటే. గోడ గురక పెట్టదు, అంతే తేడా.

ఆ మధ్యాహ్నమే ఆవిడ వంతెన దాటి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లింది. వాచ్‌మన్ ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు.

"లోపల ఎవరితో మాట్లాడాలయ్యా?"

"నోటిమాటలు తీసుకోరమ్మా ఇక్కడ. హెడ్డాఫీసుకు లెటర్ పెట్టుకోండి. పద్ధతిగా ఉండాలట. లేకపోతే చదవరట."

"నువ్వు ముక్కుకు గుడ్డెందుకు కట్టుకున్నావ్?"

"దుమ్మండీ," అన్నాడు వాడు, చుట్టూ చూసి.

పద్ధతిగా ఉత్తరం రాయాలంటే ఆ వీధి మొత్తానికీ ఒక్కరే ఉన్నారు: దుప్పట్లావిడ బావగారు, అంటే భర్తకు అన్నగారు. ముప్పైనాలుగేళ్లు ఒక ఆఫీసులో గుమాస్తాగా చేసి హెడ్డుగుమాస్తాగా దిగిపోయాడు. కరెంటు పోయినా, నల్లా రాకపోయినా, ఎవరి పింఛను ఆగినా ఆయన కలమే కదలాలి. ఆయన ఉత్తరాలవల్ల వీధికి కరెంటు వచ్చిందా, నల్లా వచ్చిందా అని ఎవరూ అడగరు. ఉత్తరం అందినట్టు జవాబు వస్తుంది. దాన్ని ఆయన రంధ్రాలు పొడిచి, తాడు గుచ్చి, ఫైల్లో పెడతాడు. అలాంటి ఫైళ్లు ఆయన దగ్గర పదకొండున్నాయి. వినయం అనే రోగం కొందరికి ఉద్యోగంతో వస్తుంది, పదవీ విరమణతో పోదు.

ఆయన కాగితం బల్లమీద సర్ది, ఎడమవైపు మార్జిను మడిచి, "చెప్పమ్మాయ్," అన్నాడు.

"మీ ఫ్యాక్టరీ కంపు కొడుతోంది అని రాయండి బావగారూ."

"కంపెనీకి రాసే ఉత్తరంలో కంపు అని రాయకూడదమ్మా."

"వచ్చేది కంపే కదండీ?"

"వస్తుంది. రాయకూడదు."

"పోనీ, దుర్వాసన?"

"అదీ ఘాటే. 'ఒకవిధమైన వాసన' అందాం." ఒక్క క్షణం ఆగి, దాన్నీ కొట్టేశాడు. "'స్వల్ప అసౌకర్యం.' ఇదీ మాట. దీన్ని ఎవరూ తప్పుపట్టలేరు."

గుమ్మంలో కూర్చుని దిండు గలీబులు మడతపెడుతున్న ఆడపడుచు తలెత్తింది. "స్వల్పమేంటన్నయ్యా! మొన్న నువ్వే కదా అన్నం ముందునుంచి లేచిపోయి పెరట్లో వాంతి చేసుకున్నావ్?"

"అది వేరు."

"వాంతి కూడా స్వల్పంగానే చేసుకున్నావా?"

"వదినా మరదళ్లిద్దరూ ఒకటైతే నేను కలం మూసేస్తాను," అన్నాడాయన.

కలం మూస్తే ఇంకో కలం లేదు. దుప్పట్లావిడ ఆడపడుచును కళ్లతోనే కసిరి నోరు మూయించింది. లాడ్జి పోతుందన్న సంగతి ఉత్తరంలో రానివ్వలేదాయన. సొంత ఇబ్బందులు రాస్తే చులకనవుతామట. మూతలు ఎప్పుడు తెరుస్తారో కూడా వద్దట. వాళ్లపై నిఘా వేసినట్టుంటుందట. చివరికి తయారైంది ఇది:

"ఆర్యా, తమ ప్రతిష్ఠాత్మక సంస్థ పరిసరాలలో నివసించు భాగ్యము కలిగిన మేము, అప్పుడప్పుడు కలుగుచున్న స్వల్ప అసౌకర్యమును తమ దివ్యసముఖమునకు సవినయముగా తెచ్చుచున్నాము. తమ అమూల్యమైన కాలమును హరించినందుకు క్షమాపణలు వేడుకొనుచున్నాము. జతపరచినవి: లేవు. ఇట్లు, తమ విధేయులు."

దుప్పట్లావిడ సంతకం పెట్టింది. పెడుతున్నప్పుడు, ఎవరో కాలు తొక్కితే తానే సారీ చెప్పినట్టనిపించింది. కానీ చదువుకున్నవాళ్ల వ్యవహారం, మనకేం తెలుసు అనుకుంది. మనుషుల్ని నాశనం చేసే అనుకోవడాల్లో ఇది మొదటిది.

పదకొండో రోజున జవాబు వచ్చింది, దాంతోపాటు ఒక క్యాలెండరు. క్యాలెండరు మీద ఫ్యాక్టరీ బొమ్మ: పైన నీలాకాశం, ముందు పూలమొక్కలు, పొగగొట్టంలో పొగలేదు. ఉత్తరంలో మూడు వాక్యాలు. మీ లేఖ అందినది. మీవంటి శ్రేయోభిలాషుల అభిప్రాయములు మాకు ఎంతో విలువైనవి. సంబంధిత విభాగమునకు పంపబడినది.

"పదకొండు రోజుల్లో!" బావగారి ముఖం వెలిగిపోయింది. "పైగా అచ్చులో! నా సర్వీసులో ఇంత త్వరగా రావడం చూళ్లేదమ్మాయ్." రంధ్రాలు పొడిచే మర కోసం లేచాడు.

దుప్పట్లావిడ అలవాటుకొద్దీ ఆ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా లేదు. చల్లగా, తలుపులు మూసిన గదిలో పుట్టి, అక్కడే మడతపడి, కవరెక్కిన కాగితం. వీళ్ల ముక్కులకు ఇక్కడి గాలి ఒక్కరోజు కూడా తగల్లేదు. దాన్ని ముఖానికి దూరంగా జరిపింది. ఏడాదిగా పీలుస్తున్న కాలవ అవతలి గాలి వేరు. ఆ గాలిమీద ఆవిడ కోపం తెచ్చుకోగలదు. ఈ కాగితం తనను శ్రేయోభిలాషిని చేసింది. తాను రాయించిన ఉత్తరమే చేసింది.

"బావగారూ, జతపరచినవి లేవు అని రాశారే, అక్కడ ఏం జతపరుస్తారు?"

"ఆధారాలు. రసీదులు, నకళ్లు, ఫొటోలు. విషయాన్ని రుజువు చేసేది ఏదైనా."

"ఏదైనానా?"

"ఏదైనా. ఉత్తరం అడుగున రాస్తే, వచ్చిన ఉత్తరాలు తీసుకునే ఇన్‌వర్డు గుమాస్తా విప్పి సరిచూసుకున్నాకే ముద్ర వెయ్యాలి. నేను వేసిన ముప్పైనాలుగేళ్లూ..."

ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఆవిడ డాబా మెట్లెక్కుతోంది.

మర్నాడు తన సొంత దుప్పటి ఒకటి ఉతికి, మూడుసార్లు జాడించి, ఫ్యాక్టరీ వైపు తీగెమీద ఆరేసింది. నాలుగింటికి తీసి, వేడివేడిగా మందపాటి ప్లాస్టిక్ సంచిలో కూరి, మూతి మీద ఇస్త్రీపెట్టె అంచు ఆనించి అతికించేసింది. ఉత్తరం తనే రాసింది. అక్షరాలు గుండ్రంగా లేవు, వాక్యాలు పొడుగ్గా లేవు.

"కంపెనీవారికి. మీరు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు మూతలు తెరుస్తున్నారు. ఆ కంపు నేను ఉతికిన దుప్పట్లకు పడుతోంది. నెలాఖరుకు నాకు లాడ్జి పని పోతుంది. ఆ మూడు గంటలు మూతలు మూయండి. జతపరచినవి: దుప్పటి ఒకటి, నిన్న ఆరినది."

బావగారు చదివి తల పట్టుకున్నాడు. "సవినయంగా లేదు, విధేయులు లేదు. ఇది ఉత్తరం కాదమ్మాయ్, తగాదా."

"తగాదాయేనండి."

బస్సులో రెండు గంటలు. హెడ్డాఫీసు ఆరో అంతస్తు. తెరవడానికి వీల్లేని అద్దాల కిటికీలు, మెత్తటి కుర్చీలు, చల్లటి గాలి. ఇన్‌వర్డు గుమాస్తా ఉత్తరం తీసుకుని, సంచిని పక్కకు నెట్టి, ముద్ర ఎత్తబోయాడు.

"అది కూడా సరిచూసుకోండి బాబూ. కింద రాసిపెట్టాను."

"దుప్పటే కదమ్మా, కనపడుతోందిగా."

"సంచి కనపడుతోంది. లోపల దుప్పటే ఉందని చూడకుండా ముద్రేస్తే, రేపు మీ సాహెబు ఖాళీ సంచి వచ్చిందంటే మీమీదకే వస్తుంది. మా బావగారు ముప్పైనాలుగేళ్లు ఇన్‌వర్డులోనే చేశారు."

ఆ మాట గుమాస్తాకు సూటిగా తగిలింది. కత్తెర తీసి సంచి మూతి కోశాడు. దుప్పటి పైకి లాగి, సగం విప్పి, అక్కడే ఆగిపోయాడు.

మూసిన గది కదా, ఆ కంపు ఎక్కడికీ పోలేదు. బల్ల బల్ల చుట్టి వచ్చింది. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. ఒకతను ఫోనులో "ఒక్క నిమిషం సార్" అని, ఆ నిమిషం తర్వాత మళ్లీ మాట్లాడలేదు. లోపలి అద్దాల గదిలోంచి టై కట్టిన పెద్దాయన తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏంటిది? ఎక్కడిది?"

"మీదేనండి," అంది దుప్పట్లావిడ. "మీ ఫ్యాక్టరీది. నేను మోసుకొచ్చానంతే."

"ముందు దాన్ని బయటికి తీసుకెళ్లు!"

"ఎలా తీసుకెళ్తానండీ? సరిచూసుకున్నారు." గుమాస్తా వైపు తిరిగి, "ముద్ర వెయ్యండి బాబూ, బస్సు టైమవుతోంది," అంది.

గుమాస్తా ఊపిరి బిగబట్టి ముద్ర వేశాడు. ఊపిరి బిగబట్టడం ఆయనకు కొత్త. ఆవిడకు ఏడాది అనుభవం.

నెలాఖరుకు ఇంకా రెండు రోజులుందనగా జవాబు వచ్చింది. ఈసారి క్యాలెండరు లేదు, శ్రేయోభిలాషి లేదు. మూతలు తెరిచే సమయం రాత్రి పదకొండు నుంచి రెండు గంటలకు మార్చడమైనది. దిగువ పత్రముపై సంతకం చేసి పంపిన యెడల ఈ ఏర్పాటు కొనసాగును. దిగువ పత్రంలో అచ్చేసిన వాక్యం ఒక్కటే: "నా ఫిర్యాదు సంపూర్ణముగా, సంతృప్తికరముగా పరిష్కరింపబడినది."

అప్పటికే ఒకరోజు ఎండలో ఆరిన దుప్పట్లను లాడ్జి మేనేజరు ముక్కుకు ఆనించుకుని చూశాడు. "ఎండ వాసనొస్తోందమ్మా!" అన్నాడు. "ఇలా ఉంటే నాకింకో లాండ్రీ ఎందుకు?" పని నిలబడింది. ఆ సాయంత్రం ఆవిడ నవ్వింది కూడా. రాత్రి పదకొండుకు వీధి వీధంతా ఒక్కసారిగా కిటికీలు మూసుకుంటున్న చప్పుడుకు ఆ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఉక్క భరించలేక అరగంటకు మళ్లీ తెరిచారు. ఎదురింటి పసిపిల్ల రెండింటిదాకా ఏడుస్తూనే ఉంది.

"గెలిచావమ్మాయ్!" అన్నాడు బావగారు పొద్దున, ఎర్రబడ్డ కళ్లతో. "సంతకం పెట్టు. కృతజ్ఞతా లేఖ నేను రాస్తాను."

"దేనికన్నయ్యా కృతజ్ఞత?" అంది ఆడపడుచు. "రాత్రంతా నీ కిటికీ దగ్గర నువ్వు ఉమ్ముతున్న చప్పుడు మా ఇంటికి వినిపించింది."

దుప్పట్లావిడ పత్రాన్ని మళ్లీ చదివింది. కంపెనీవాళ్లు చేసింది చూస్తే అసహ్యం వేసింది. అందులో తనకూ వాటా ఉందని తెలిసి ఇంకా అసహ్యం వేసింది. తాను దుప్పట్ల గురించే అడిగింది, వాళ్లు దుప్పట్లకే ఇచ్చారు. దుప్పటి కప్పుకునే మనిషి ఆ ఉత్తరంలో ఎక్కడా లేడు. సంతకం పెట్టకపోతే రేపు మధ్యాహ్నం మూతలు మళ్లీ తెరుచుకుంటాయి, లాడ్జి పోతుంది. పెడితే, ఈ వీధి సుఖంగా నిద్రపోతోందని తన చేత్తో రాసిచ్చినట్టు.

కలం తీసుకుని 'సంపూర్ణముగా, సంతృప్తికరముగా' అన్న మాటల మీద అడ్డంగా గీత గీసింది.

"అచ్చు పత్రం మీద కొట్టివేతలు చెల్లవమ్మా!" బావగారు కుర్చీలోంచి లేచిపోయాడు.

ఆవిడ వినిపించుకోలేదు. గీత పక్కన "దుప్పట్ల వరకు మాత్రమే. మనుషులకు కాదు" అని రాసి, దానికింద 'జతపరచినవి:' అని మొదలుపెట్టి ఖాళీ వదిలి, సంతకం పెట్టింది.

"ఇది పోస్టులో వేస్తే చెత్తబుట్టలో పడేస్తారు వదినా," అంది ఆడపడుచు.

"పోస్టులో వెయ్యను. నేనే పట్టుకెళ్తాను." కాగితం మడిచి, చెప్పులు వేసుకుంటూ, "నువ్వు ఎదురింటికి వెళ్లి, పిల్లనెత్తుకుని నాతో బస్సెక్కుతుందేమో వాళ్లమ్మను అడుగు," అంది.