తొట్టిలో పదకొండు మెరుపులు

బర్బ ప్రోష్పెర్‌కి ఉన్న జబ్బు ఒక్కటే, ఏ వస్తువునీ ఎంచుకోలేడు. దీవిలోని కొమిజా రేవులో పెద్దవాళ్ళందరినీ బర్బ అనే పిలుస్తారు గానీ, ఈయన్ని మాత్రం వెనకాల "ఇంకా చూద్దాం" అని పిలుస్తారు. బూట్లు కొనడానికి ఓడెక్కి స్ప్లిట్ పట్నం వెళ్ళి, మూడు రోజులు దుకాణాలన్నీ తిరిగి, వెళ్ళిన పాత బూట్లతోనే దిగిన మనిషి. ఆయన పాత పడవ తొమ్మిదేళ్ళుగా ఒడ్డున బోర్లా పడి ఉంది. నీలం రంగు వెయ్యాలో ఆకుపచ్చ వెయ్యాలో తేలక, చెక్కంతా పుచ్చిపోయింది. పెళ్ళాం ఫిలొమేనాని మాత్రం పది నిమిషాల్లో ఎంచుకున్నానని గొప్ప చెప్పుకుంటాడు.

"ఎంచుకున్నది నేను," అంటుంది ఫిలొమేనా. "ఈయన అప్పటికింకా మా చెల్లెలి వైపు కూడా చూస్తున్నాడు."

అలాంటి మనిషి ఫిబ్రవరిలో ఒక పొద్దున, కాఫీ తాగుతూ, నీళ్ళలో ఫొటోలు తీసే తన కెమెరాకి స్ట్రోబ్ కొంటానన్నాడు. ఫిలొమేనా గోడ మీది క్యాలెండరు కేసి చూసి, నిట్టూర్చి, గిన్నెలు కడుక్కుంది.

స్ట్రోబ్ అంటే నీళ్ళు చొరని మెరుపు దీపం. కెమెరా పక్కన ఒక కడ్డీ బిగించి దాని చివర పెడతారు. సముద్రంలో కాస్త లోతుకి దిగితే ఎరుపన్నది కనబడదు, ఎర్రచేప కూడా బూడిద పూసుకున్నట్టుంటుంది. దీపం ఒక్కసారి మెరిస్తే దాని రంగు దానికొచ్చేస్తుంది. ఈ సంగతి ఫిలొమేనాని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పది నెలలు విన్నది మరి.

రేవులో ఈత సామాను అమ్మే డింకా ఒక్కో దీపమే తెప్పించేది. ఈయన ఒక్కోటే ఇంటికి పట్టుకొచ్చి, స్నానాల తొట్టి నిండా నీళ్ళు పట్టి, అడుగున ఒక ఉప్పుచేపని పడుకోబెట్టి ఫొటో తీసేవాడు. ఊరికే తీస్తే బాగుండేది.

"మేనా, నా మోచేయి కుదుపు."

"ఎందుకయ్యా?"

"కుదపమంటుంటే. నేను నొక్కేటప్పుడు కుదుపు."

ఫిలొమేనా కుదిపింది. పొద్దుటి నుంచీ ఉన్న కోపం కూడా అందులో కలిసిందేమో, ఆయన తొట్టిలో పడ్డాడు.

"కుదపమంటే తోస్తావేంటి?" అన్నాడు లేచి, మీసాల్లోంచి నీళ్ళు పిండుకుంటూ. ఫొటో చూసుకున్నాడు. "చేపకి రెండు తలలొచ్చాయి. ఇది లాభం లేదు."

"నిన్ను తొట్టిలోకి తోస్తే చేపకి రెండు తలలు రాక నాలుగు రెక్కలొస్తాయా?"

ఒక దీపం బరువన్నాడు. ఒకటి మెరిశాక మళ్ళీ మెరవడానికి ఆవలించినంత సేపు పడుతోందన్నాడు. మూడోదాని మీట మరీ చిన్నదన్నాడు. అది తేల్చడానికి పొయ్యి దగ్గర వాడే మందపాటి చేతి తొడుగులు రెండూ వేసుకుని తిప్పి చూశాడు. ఆ తొడుగులు మళ్ళీ ఆరలేదు. ఏడోదాన్ని దుకాణానికి తిరిగి తీసుకెళ్ళినప్పుడు డింకాకి ఏడుపొక్కటే తక్కువ.

"దీనికేం వచ్చింది బర్బా? ఊరూరి వాళ్ళూ ఇదే వాడుతున్నారు."

"మెరుపు నిదానంగా ఉందమ్మా."

"మెరుపు నిదానంగా ఉండటమేంటి బర్బా? అది మెరుపు."

"మెరుపుల్లో మెరుపులకి తేడా ఉంటుంది. ఇది వచ్చి కాసేపు కూచుని పోతోంది. నాకు గుమ్మంలోంచే వెళ్ళిపోయేది కావాలి. ఇంకా చూద్దాం."

డింకా ఆ సాయంత్రం ఫిలొమేనా దగ్గరికొచ్చి, రేవులో పెద్దావిడల్ని పిలిచే పిలుపుతో, "తెతా, మీరు ఈయనతో నలభై ఏళ్ళెలా వేగారు?" అని అడిగింది. ఫిలొమేనా ఆ పిల్లకి ఒక గ్లాసు ద్రాక్షసారా పోసి, తనకి రెండు పోసుకుంది.

ఇదంతా ఒక ఎత్తు, పక్కింటి ఆంద్రో సంగతి ఒక ఎత్తు. ఆంద్రో, ప్రోష్పెర్ ఒకే బల్ల మీద కూచుని అక్షరాలు దిద్దినవాళ్ళు. ఊపిరి బిగబట్టి నీళ్ళలో మునిగి బల్లెంతో చేపని కొట్టడంలో దీవి మొత్తానికి ఆంద్రో తర్వాతే ఎవరైనా. కిందటి చలికాలం నుంచీ ఆయన చేతులు వణకడం మొదలెట్టాయి. మందులిచ్చారు, వణుకు కొంచెం తగ్గింది గానీ బల్లెం గురి పోయింది. వేసవి వచ్చేసరికి కాఫీకి రావడం మానేశాడు, కప్పు తొణుకుతుందని. నవంబరులో చర్చి మెట్ల మీద అందరి ముందూ చెప్పాడు, ఈ ఏడు సెయింట్ నికొలా పండగకి తన పడవే ఇస్తానని.

ఆ పండగనాడు చర్చి ముందు ఒక పడవని తగలబెట్టి, ఆ బూడిద కొత్త పడవల అడుగున పెడతారు. ఇచ్చేది ఎప్పుడూ ముసలి పడవే. ఆంద్రో పడవకి కిందటేడే కొత్త తెడ్లు వేయించాడు.

ఆ కబురు విని ఫిలొమేనా ఇంటికొచ్చేసరికి, మొగుడు పదకొండో దీపంతో తొట్టి ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు.

"ఏమయ్యా, అక్కడ నీ స్నేహితుడు బతికుండగానే పడవకి కర్మ చేస్తున్నాడు. వెళ్ళి ఒక్క మాటైనా చెప్పవా?"

"చెబితే వింటాడా వాడు? మోచేయి కుదుపు."

"పది నెలలుగా చేప వాసనతోనే స్నానం చేస్తున్నాను నేను."

"కుదుపు మేనా. ఇంకా గట్టిగా. ఆపకుండా."

ఫిలొమేనా ఏడుస్తూనే కుదిపింది. ఆయన ఫొటో చూసుకుని దీపాన్ని తువ్వాలుతో తుడిచాడు. నచ్చిందని అనలేదు. ఇంకా చూద్దామని కూడా అనలేదు. కోపంలో ఆవిడ అది గమనించలేదు.

పండగ ముందురోజు పొద్దున, పడవని చర్చికి లాగడానికి పది మంది తాళ్ళతో ఒడ్డుకొచ్చారు. చూస్తే ఆంద్రో పడవ లేదు. ఇంటి తలుపు తీసే ఉంది, మనిషి లేడు. ఫిలొమేనా మొగుణ్ణి పిలుద్దామని ఇంటికి పరిగెత్తింది. ఈయనా లేడు. తొట్టిలో ఉప్పుచేప ఒక్కటే ఉంది.

ఏవేవో భయాలు మనసులో తిరుగుతుండగా మళ్ళీ రేవుకొచ్చింది. డింకా అప్పటికే అక్కడ నిలబడి నవ్వుతోంది.

"ఎందుకే నవ్వుతావు?"

"నిన్న మీ ఆయన ఆంద్రో బర్బ గుమ్మంలో గంటసేపు గోల పెట్టాడు తెతా. పదకొండు దీపాలు చూశాను, ఏది మంచిదో తేలక చచ్చిపోతున్నాను, నువ్వొక్కసారి నీళ్ళలో పెట్టి చూసి చెప్పరా అని. ఆయన విసిగిపోయి, నీ పీడ వదిలించుకోవడానికైనా వస్తానన్నాడు. ప్రోష్పెర్ బర్బ ఎంచుకోలేకపోయాడంటే అనుమానించేవాళ్ళెవరు?"

అంతలో రేవు చివరి కొండ మలుపు తిరిగి పడవ వచ్చింది. ఆంద్రో నీళ్ళు కారుతూ, భుజాన దుప్పటితో, కెమెరా వెనక తెర చూసుకుంటూ కూచున్నాడు. ఒడ్డు తగిలినా తలెత్తలేదు. ఫిలొమేనా మెడ చాచి చూసింది. తెర మీద, రాతి సందులో ఆక్టోపస్. ఎరుపు ఎర్రగా, ఒక్కో బొడిపె లెక్కపెట్టుకోవచ్చు.

"చెయ్యి వణికింది," అన్నాడు ఆంద్రో, ఎవరితోనో గొడవ పడుతున్నట్టు. "వణుకుతూనే నొక్కాను. ఫొటో వణకలేదు."

"మెరుపు అంత పొట్టిది," అన్నాడు ప్రోష్పెర్, పడవ తాడు కడుతూ. "నీ వణుకు సంగతి దానికి తెలిసేలోపలే వెళ్ళిపోతుంది."

ఫిలొమేనాకి మోచేయి, చేతి తొడుగులు, పొట్టి మెరుపు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. మొగుడి మీసానికి అంటుకున్న నాచు తీసి పారేసింది.

తాళ్ళవాళ్ళు దగ్గారు. "మరి పడవ, ఆంద్రో బర్బా?"

ఆంద్రో పడవ అంచు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది, పడవని మాత్రం వదల్లేదు.

"నాది తీసుకెళ్ళండి," అన్నాడు ప్రోష్పెర్. తొమ్మిదేళ్ళు రంగు తేలని పడవని, ఒక్క క్షణం ఆలోచించకుండా ఇచ్చేశాడు. ఊరు ఊరంతా ఆయన మొహం కేసి చూసింది, జ్వరమేమైనా వచ్చిందేమోనని. మర్నాడు ఆ ఉప్పు తాగిన చెక్క నీలం, ఆకుపచ్చ రెండు రంగుల మంటల్లోనూ చక్కగా మండింది.

ఆ మర్నాడు ఆంద్రో దీపం చంకన పెట్టుకుని కాఫీకి వచ్చాడు. సగం సాసర్లో ఒలికింది, ఎవరూ పట్టించుకోలేదు.

"దీపం బాగానే ఉందిరా," అన్నాడు. "ఈ మీటే కొంచెం బిగువు. ఇంకో నాలుగు చూడకపోయావా?"

ప్రోష్పెర్ కళ్ళు మెరిశాయి. "నేనూ అదే అనుకున్నాను. ఇంకా..."

ఫిలొమేనా గబుక్కున లేచి స్నానాల గదిలోకి వెళ్ళి, తొట్టి బిరడా పీకి జేబులో వేసుకుంది.