గోడల మాస్టారు

మానవుడు గోడలు కట్టడం మొదలుపెట్టి వేల ఏళ్ళయింది. కోటలకు కట్టాడు, తోటలకు కట్టాడు. మాటలకు గోడలు కట్టిన ఘనత మాత్రం మా కంప్యూటరు మాస్టారిదే. బోర్డు మీద ఏ మాట రాసినా దానికి అటో నిలువు గీత, ఇటో నిలువు గీత గీయనిదే ఆయన చేతిలోని సుద్దముక్క కింద పడేది కాదు.

ఒకసారి సెలవుచీటీలో తన పేరుకీ గోడలు కట్టారు.

"ఏమిటండీ ఈ కంచె?" అన్నాడు మేనేజరు.

"నా పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మీకు తెలియాలి కదండీ!"

"తెలియకపోతే?"

"కంప్యూటరైతే నన్ను గుర్తుపట్టదు. మీ సంగతి నాకు తెలీదు."

మా గోదాము ఆఫీసు టైపిస్టులందరికీ కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్పడం ఆయన పని. శుక్రవారం పరీక్ష. తప్పితే ఉద్యోగం ఊడుతుంది. మాలో పెద్దది, యాభై రెండేళ్ళ టైపిస్టక్క, బుధవారమే సంచీ సర్దేసింది.

"పోతున్నా తమ్ముడూ. గోదాం నిండా మేకులున్నాయా? ఇది చూడు, లేవంటోంది! నా బుర్రకిది ఎక్కదు."

సరుకుల జాబితాలో వెతకమని అక్క రాసిన ప్రోగ్రాము కింద, తెర మీద నిజంగానే "మేకులు: దొరకలేదు" అని ఉంది. మాస్టారు వచ్చి వెనక నిలబడ్డారు. ఆయన వేలు మీట దాకా వెళ్ళి, వెనక్కి వచ్చేసింది.

"నాకు చూపు ఆనట్లేదమ్మా. జాబితాలోని ఆ మాటకి రెండు గోడలు కట్టి చూపించు."

అక్క విసుక్కుంటూనే కట్టింది. |మేకులు |

"అయ్యో, కుడివైపు ఈ సందేంటి మాస్టారూ?"

"నువ్వే చెప్పాలి."

"ఖాళీ! మాట వెనక ఖాళీ ఉండిపోయింది! మనకి కనపడదు గానీ దీనికి అదీ ఓ అక్షరమే, అంతేగా?" గబగబా అంచుల ఖాళీలు కత్తిరించే ఆదేశం రాసింది. మేకులు దొరికాయి. సంచీ మళ్ళీ బల్ల కిందికి చేరింది.

వరండాలో ఆయన్ని పట్టుకున్నాను. "మీకు ముందే తెలుసు కదూ?"

"లేవంటోందని ఆవిడ అనగానే తెలిసింది."

"మరి చెప్పేయొచ్చుగా?"

"పరీక్షలో నన్ను పక్కన కూర్చోనివ్వరు కదయ్యా" అని కళ్ళజోడు తుడుచుకున్నారు.

శుక్రవారం అక్క అందరికంటే ముందు కాగితం ఇచ్చేసి, నెగ్గింది కూడా. ఆ పరీక్షలో ఖాళీల మీద ఒక్క ప్రశ్నా రాలేదు. అయినా అక్క కాగితం నిండా గోడలే.