ఆఖరి చోటు ఎవరికి

మా పీడీ మేడమ్ తెల్లవారుజామున గుండెపోటుతో పోయారని ఫోన్ వచ్చేటప్పటికి, మేం గుంటూరులో కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టోర్నమెంటుకు జట్లను ఎంపిక చేస్తున్నాం. నాకు ఆట నేర్పింది ఆవిడే. ఇవాళ నేను గురజాలలో పిల్లల్ని ఆడిస్తున్నానన్నా, ఆ ఎంపిక కమిటీలో నాకో కుర్చీ ఉందన్నా ఆవిడ చలవే.

అన్ని జట్లూ ఖాయమై ఒక్క చోటు మిగిలింది. దానికి పోటీలో ఉన్నవి నరసరావుపేటలో మేడమ్ తయారుచేసిన జట్టు, రెంటచింతల జట్టు. గెలుపులు సమానమే. కానీ రెంటచింతల పిల్లలు పేటకొచ్చి మరీ మేడమ్ జట్టును ఓడించి వెళ్లారు.

ఓడిన సాయంత్రం మేడమ్ నాకు ఫోన్ చేశారు. "ఏమే, ఆ పిల్లల డిఫెన్స్ నువ్వు చూడాల్సింది. చానా బాగా ఆడారు. ఆఖరి చోటు వాళ్లదే." ఓడిపోయి అంత సంబరపడే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఆవిడ దగ్గర ఆడినవాళ్లు మీలో ఉంటే గుర్తుండే ఉంటుంది, విజిల్ కంటే ముందు ఆవిడ గొంతు వినిపించేది. ఆలస్యంగా వస్తే తిట్టేవారు. తిట్టి, ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీలు పెట్టేవారు. ఆట సరిగా లేదని సొంత చెల్లెలి కూతుర్నే బెంచీ మీద కూర్చోబెట్టారు. చెల్లెలు అలిగి ఏడాది మాట్లాడలేదు. "మాట్లాడకపోతే మానె. బంతికి చుట్టాలెవరే?" అని నవ్వేశారు.

ఒకసారి మా స్కోరులో పొరపాటున ఒక బాస్కెట్ ఎక్కువ రాస్తే, తానే స్కోరు రాసేవాళ్ల బల్ల దగ్గరికెళ్లి కొట్టేయించారు. ఓడిపోయాం. బస్సులో మేం మొహాలు మాడ్చుకుంటే, "ఏందే ఆ ఏడుపు? మనది కానిది మన దగ్గరుంటే నిద్ర పట్టిద్దా?" అన్నారు.

అలాంటి మనిషి పోయారని తెలిశాక కమిటీలో ఒకాయన, "ఆ చోటు మేడమ్ జట్టుకే ఇచ్చేద్దాం. ఆవిడకి మనం ఇంకేం చెయ్యగలం?" అన్నాడు. అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే, ఏడుస్తూ. అది గురుభక్తి అనుకున్నాను. పేట బస్సెక్కాక గానీ బుద్ధి రాలేదు. ఆవిడ జన్మలో చెయ్యని పనిని ఆవిడ పేరు మీద చేశాం. కమిటీ పెద్దాయనకు ఫోన్ చేస్తే, "ప్రకటించేశామమ్మా, ఇప్పుడు మారిస్తే ఏం బాగుంటుంది" అన్నారు. పోట్లాడాల్సింది. సరేనండి అని పెట్టేశాను.

మేడమ్ ఇంటికి నేను చేరిన కాసేపటికే రెంటచింతల జట్టు వచ్చింది. చోటు తమకు రాలేదన్న కబురు వాళ్లకింకా తెలియదు. దణ్ణం పెట్టుకుని, కెప్టెన్ పిల్ల నా పక్కకొచ్చింది.

"అక్కా, మొన్న మేడమ్ మాకు ఫోన్ చేశారు. ఆఖరి చోటు మీకే రావాల, ప్రాక్టీసు ఆపబాకండి అన్నారు. మాకు వచ్చిద్దా అక్కా?"

నేను తల దించుకున్నాను. గుమ్మం బయట చెప్పుల మధ్య వాళ్ల బూట్లు మెరుస్తున్నాయి.

"టోర్నమెంటుకని కొన్నాం అక్కా. మేడమ్ చూడకుండానే పోయారు."

నా ఏడుపు మేడమ్ కోసమేననుకుని, ఆ పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.