బాపు ఆఖరి షిఫ్టుకు మా పాత బండి

గోదావరిఖని చౌరస్తాలో ఆ ఫ్లెక్సీ చూసిన రోజు నేను రోడ్డు మధ్యలోనే స్కూటీ ఆపేశాను. వెనక ఆటో అతను హారన్ మోగించి, విసుగొచ్చి, పక్క నుంచి నన్నొక చూపు చూసి వెళ్ళిపోయాడు. నేను మాత్రం కదల్లేదు. 'మీ నాన్నగారు నడిపిన కారు మళ్ళీ మీ వాకిట్లోకి' అని రాసుంది. కింద మా బండి పేరు. ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక అక్కణ్ణుంచే బాపుకు, అంటే మా నాన్నకు, ఫోన్ చేశాను.

ఆ పేరు ఇక్కడ రాయను. ఇప్పుడు ఆ పేరు ఎవరి చేతిలో ఉందో వాళ్ళకి లాయర్లు ఎక్కువ, నాకు ఓపిక తక్కువ.

బాపు బాయిలో పని చేసేవాడు. బాయి అంటే మా దగ్గర బొగ్గుగని. నేను మూడో తరగతిలో ఉండగా ఎవరో వాడిన ఆ బండిని కొని తెచ్చాడు. తలుపు వేస్తే క్వార్టర్ల లైను మొత్తానికి తెలిసేది. జాతరకు పదకొండు మందిమి, రెండు కోళ్ళు, ఒక గ్యాస్ పొయ్యి అందులోనే వెళ్ళి వచ్చాం. నేను డ్రైవింగ్ నేర్చుకున్నదీ దాని మీదే. మూడుసార్లు ప్రహరీకి గుద్దితే మూడుసార్లూ ప్రహరీయే పడింది.

తర్వాత ఆ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది. ముందుగా బండి ముక్కు మీదుండే ఇనుప బొమ్మ పోయి ప్లాస్టిక్‌ది వచ్చింది. కొన్నాళ్ళకు అదీ పోయి స్టిక్కరు మిగిలింది. మా ఊళ్ళో ఏజెన్సీ మూసి అందులో బట్టల దుకాణం పెట్టారు. చివరికి బండి తయారీయే ఆపేశారు, పేరు మాత్రం దాచుకున్నారు. ఒక్కో కబురు తెలిసినప్పుడల్లా బాపు దగ్గరి చుట్టానికి జబ్బు చేసినట్టు ముఖం పెట్టేవాడు. అలాంటిది ఇప్పుడు ఆ పేరు మళ్ళీ వచ్చిందంటే నాకు కాళ్ళు నిలుస్తాయా?

పైగా బాపు రిటైర్ అవడానికి వారమే ఉంది. మా బొగ్గు బెల్టులో ఆఖరి షిఫ్టు దిగిన మనిషిని తోటివాళ్ళు దండలు వేసి, డప్పులు కొట్టి, ముస్తాబు చేసిన బండిలో భార్యను పక్కన కూర్చోబెట్టి ఇంటిదాకా తీసుకొస్తారు. మా ఇంట్లో ఆ ఊరేగింపుకు ఇంకో లెక్క ఉంది. నా చిన్నప్పుడు ఒకరోజు బాయిలో కప్పు కూలిందని కబురొచ్చింది. అవ్వ, అంటే మా అమ్మ, చెప్పుల్లేకుండా గేటుదాకా పరుగెత్తింది. బాపు అందరికంటే చివర పైకొచ్చాడు, చెయ్యి విరిగింది. అతన్ని దవాఖానకు తీసుకుపోతే, అవ్వ మా కోసం ఒక్కతే నడుచుకుంటూ తిరిగొచ్చింది. ఆ రాత్రే ఆమె పాదాలు చూసి బాపు మాటిచ్చాడట. "ఇంకోసారి నువ్వు గేటు కాడికొస్తే అది నా ఆఖరి షిఫ్టుకే. నిన్ను కార్ల తీస్కొస్త." కారు కొన్నదే ఆ మాట కోసం. అవ్వ మళ్ళీ ఎప్పుడూ గేటు ముఖం చూడలేదు.

అందుకని మా పాత బండిలోనే బాపును ఎక్కించుకుని, కొత్తది చూడ్డానికి కరీంనగర్ షోరూంకు తీసుకెళ్ళాను. అద్దాల వెనక ఎర్రగా మెరుస్తోంది. బాపు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆ తర్వాత చెవి దగ్గర పెట్టి, వేళ్ళ కణుపులతో పైకప్పు మీద టక్ టక్ అని తట్టాడు. బాయిలో దిగగానే బాపు చేసే మొదటి పని అదే. కర్రతో పైన తట్టి వినాలి. ఖంగుమంటే కప్పు గట్టిది, డొల్లగా మోగితే దాని కింద నిలబడకూడదు.

"సార్, గీతలు పడతయి," అన్నాడు షోరూం మేనేజరు.

"డొల్ల," అన్నాడు బాపు నాతో. "దీని కింద నేనైతే పని చెయ్య బిడ్డా."

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఆ కోపంతోనే మేనేజరును అడిగాను, పాత బండికి క్లచ్ ప్లేటు దొరుకుతుందా అని. మా ఫిట్టర్ కాక, అంటే బాపుతో బాయి వర్క్‌షాప్‌లో పనిచేసే ఆయన, అప్పటికే హెచ్చరించి ఉన్నాడు. ప్లేటు అరిగింది, ఒక ఊరేగింపుకు ఓర్చుకుంటే గొప్ప అని. మేనేజరు కంప్యూటరులో చూసి, "ఆ మోడల్ మా సిస్టంల లేదు మేడం," అన్నాడు. "బయట నిలబడి ఉంది, వచ్చి చూడండి," అన్నాను. అతను నవ్వి, ప్రచారం కోసం ఊరేగింపుకు కొత్త బండి ఊరికే పంపిస్తామన్నాడు. వద్దన్నాం. అయినా పంపించాడు.

ఆ రోజు మొదటి షిఫ్టు దిగే వేళకు గేటు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. పొద్దున్నే లేచి బండిని నేనే కడిగాను, కాక ఇంజన్ చూశాడు, ఒక్క తిప్పుకే స్టార్టయింది. అవ్వ ఆకుపచ్చ పట్టుచీరలో వెనక సీట్లో కూర్చుని గేటు వైపు చూడకుండా తన చేతులు చూసుకుంటోంది. బాపు టోపీ చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. డప్పులు, టపాకాయలు, శాలువాలు. మెడ కనిపించనన్ని దండలతో వచ్చి అవ్వ పక్కన కూర్చున్నాడు. నేను స్టీరింగ్ ముందున్నాను.

ఇక్కడ బాయి మనుషుల అలవాటు ఒకటి చెప్పాలి. లోపల పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బు జారిందంటే కాళ్ళు పోతాయి. అందుకే ఆగిన చక్రం కనిపిస్తే దాని కింద చెక్కముక్క పెట్టనిదే వాళ్ళ చెయ్యి ఊరుకోదు. బాపు చదును నేల మీద కూడా రెండు ముక్కలు పెడతాడు. ఆ రెండూ పొద్దున ఇంటి దగ్గరే నేను గుర్తుపెట్టుకుని తీశాను. కానీ తర్వాత గేటు దగ్గర ఆపిన బండి పక్క నుంచి వెళ్ళిన ప్రతి మనిషీ మన అన్న బండి గదా అని తలా ఒకటి పెట్టాడట.

గేరు వేసి క్లచ్ వదిలాను. బండి కదల్లేదు. ఇంకాస్త రేజ్ చేశాను. బండి వణికింది. డప్పుల మోతలో ఇంజన్ ఏమంటోందో వినపడలేదు. కమురు వాసనొస్తే టపాకాయలనుకున్నాను. కాక కిటికీ అద్దం మీద కొట్టేసరికి ఆలస్యమైపోయింది. ఆయన వంగి, చక్రాల కింది నుంచి ఏడు ముక్కలు లాగాడు.

"ఎవలు పెట్టిండ్రురా ఇవి?"

"నేనే పెట్టిన కాకా," అని అయిదారు గొంతులు గర్వంగా పలికాయి.

ప్లేటు మాడిపోయింది. దేశంలో ఎక్కడ వెతికినా ఇంకోటి దొరుకుతుందో లేదో తెలియదు. అవ్వకిచ్చిన మాట గేటు ముందే ఆగిపోయింది. నాకు తల తీసేసినట్టయింది. ఇంతలో షోరూం నుంచి తనే వచ్చిన మేనేజరు రిబ్బను కట్టిన ఎర్ర బండి తలుపు తెరిచి, "దీంట్ల కూసోండి సార్, పేరు అదే గదా," అన్నాడు.

"ఒకపాలి తట్టి చూసిన గదా సారూ," అన్నాడు బాపు నెమ్మదిగా. "మా ఇంటామెను దాని కింద కూసోబెట్ట."

కాక చొక్కా చేతులు పైకి మడిచాడు. "టబ్బు పట్టుండ్రి."

అంతే, వెనకా పక్కలా మనుషులు నిండిపోయారు. టబ్బులు నెట్టి నెట్టి కాయలు కాచిన చేతులు అవి. గేరు తీసేసి నేను స్టీరింగ్ పట్టుకున్నాను. బండి కదిలింది. డప్పులవాళ్ళు ముందు, మేము మధ్యలో, ఎర్ర బండి ఖాళీగా వెనక. దారిలో షిఫ్టుకు పోయేవాళ్ళు కూడా టిఫిను డబ్బాలు బండి పైన పెట్టి ఒక చెయ్యి వేశారు. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ బండి నడపలేదు. నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ నడిపాను.

క్వార్టర్ల ముందు ఎత్తు వచ్చేసరికి వేగం తగ్గింది. బాపు తలుపు తెరిచి దిగాడు.

"కూసో అన్నా, ఇయ్యాల నువ్వు నెట్టద్దు," అన్నాడు కాక.

"ఊకె కూసుంటె నడుము నొస్తున్నది," అని బాపు దండలన్నీ తీసి అవ్వ ఒళ్ళో పెట్టి, భుజం ఆనించాడు.

ఇంటి ముందు బండి ఆగగానే ఎవరో తొందరగా చెక్కముక్క పెట్టారు. పక్క క్వార్టరు అక్క బండి కిటికీ దగ్గర వంగి, బండి నడవలేదని బాధగా లేదా అని అవ్వను అడిగింది. అవ్వ ఒళ్ళో పూలు పక్కకు జరిపి, చెమటతో తడిసి నిలబడ్డ బాపును, అతని వెనక మనుషులను చూసింది.

"ఆ దినం గేటు కాడికెల్లి నేను ఒక్కదాన్నే నడిచొచ్చిన," అంది. "ఇయ్యాల నన్ను కూసోబెట్టి బాయి అంత నడిచింది."