టక్‌మనని రోజు

మూసేసిన ఇంకో బడి బెంచీలు లారీలో మా బడికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. కూలీలు వాటిని దించి, వరండాలో ఒకదాని మీద ఒకటి బోర్లించి పేర్చి వెళ్ళిపోయారు. ఏ బెంచీ చూసినా మేకుతో గీసిన పేర్లూ, బొమ్మలూ. ఆ పేర్లవాళ్ళు కూడా నాలుగు రోజుల్లో మా దగ్గరికి వస్తారనుకున్నాం. ఒక్కరూ రాలేదు. బెంచీలే వచ్చాయి.

ఆ బెంచీలకి ఎదురుగా ఉన్న గదిలో ఐదో తరగతి చెప్పేది టక్‌టక్ టీచర్. పక్క గదిలో నాలుగో తరగతి నాది. నాకు నోరెక్కువ, ఆవిడకి నోరే లేదు. అందుకే కాబోలు మా ఇద్దరికీ ఇన్నేళ్ళు పొసిగింది. నేను మాత్రం అక్కయ్యా అనే పిలిచేదాన్ని.

టక్‌టక్ టీచరన్న పేరు పిల్లలు పెట్టింది. దాని వెనక ఒక వడ్రంగి ఉన్నాడు. అక్కయ్య వాళ్ళ నాన్న చెక్క కొనేముందు మడిచిన వేలి కణుపుతో దాని మీద కొట్టి వినేవాడట. లోపల డొల్లగా ఉంటే చప్పుడులో తెలిసిపోతుంది. కూతురు లెక్కలు చేసుకుంటుంటే కూడా వెనక నిలబడి, పలక పక్కన టక్‌మని కొట్టేవాడు. తప్పు అనేవాడు కాదు, ఎక్కడో చెప్పేవాడు కాదు. ఆయనకి అక్షరం ముక్క రాదనీ, సగంసార్లు ఊరికే కొట్టేవాడనీ ఆవిడకి పెద్దయ్యాక తెలిసింది. "అయినా నేను మళ్ళీ చూసుకునేదాన్నిగా" అని నవ్వేది.

టీచరయ్యాక ఆవిడదీ అదే పద్ధతి. పిల్లలు రాస్తుంటే బెంచీల మధ్య తిరుగుతుంది. తప్పు కనబడితే బెంచీ అంచు మీద కణుపుతో ఒక్క దెబ్బ. పిల్ల తల వంచి మళ్ళీ చూసుకుంటుంది. బెత్తం లేదు, అరుపు లేదు. నా గదిలోంచి వినబడేది నా గొంతు, ఆవిడ గదిలోంచి వినబడేది ఆ చప్పుడు. ఇంట్లోనూ అంతేనట. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన వాళ్ళాయన నాతో అనేవాడు: "మీ అక్కయ్య టక్‌మంటే చాలమ్మా, ముందు చొక్కా గుండీలు తడుముకుంటాను. అవి సరిగ్గా ఉంటే అప్పుడు నేనేం వాగానో గుర్తు చేసుకుంటాను."

ఇక పరీక్ష సంగతి. రాష్ట్రం మొత్తానికి ఒకే రోజు, ఒకే గంటకి, ఒకే ప్రశ్నలు. సర్కారు బళ్ళలో ఐదో తరగతి పిల్లలందరూ రాయాలి. రాయాలి అంటున్నాను గానీ రాసేదేమీ లేదు. ప్రశ్న కింద నాలుగు గుండ్రాలుంటాయి, సరైనదాన్ని నల్లగా నింపాలి. గుండ్రాల పరీక్ష అనేవాళ్ళు పిల్లలు. కాగితాలు సీలు వేసి ఎక్కడికో పంపుతారు, అక్కడ మిషన్ చదువుతుంది. వచ్చే మార్కు పేరుకి పిల్లది, నిజానికి బడిది. సగం మందైనా గట్టెక్కకపోతే బడి పేరు మీద ఎర్రగీత పడుతుంది. వరసగా రెండో ఏడు కూడా పడితే ఆ బడిని ఇంకో బడిలో కలుపుతారు. కలపడం అన్నది వాళ్ళ మాట. కలపడమంటే ఏమిటో మా వరండాలో పేర్చి ఉంది.

ముందటి ఏడు మాకు ఒక గీత పడింది. ఆ వారం ఇంటింటా జ్వరాలు, క్లాసులో సగం ఖాళీ. రాని పిల్లకి సున్నా వేశారు. నాకు ఒళ్ళు మండి పై ఆఫీసుకి ఫోన్ చేశాను. "మంచం మీదున్న పిల్లకి సున్నా ఏమిటండీ?" అంటే, "మిషన్‌కి మంచాలు తెలీవు మేడమ్" అన్నాడు అవతలి మనిషి. జోకేశాననుకున్నాడు కాబోలు.

కాబట్టి ఈ ఏడు తాడో పేడో తేలిపోవాలి. పరీక్ష ఇంకా నెలరోజులుందనగా ఒకతను టేపు పట్టుకుని వచ్చి మా గదుల పొడవూ వెడల్పూ కొలిచాడు. నేను పాఠం చెబుతుంటేనే నా బల్ల కిందకి వంగి టేపు లాగాడు.

"ఎందుకయ్యా ఇవన్నీ?" అన్నాను.

"గోడౌన్‌కి సరిపోతుందో లేదో చూసి రమ్మన్నారండీ. నాకింకేం తెలీదు" అన్నాడు. మంచివాడే, వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. ఆ సాయంత్రం అక్కయ్యకి చెబితే, "కొలుచుకోనీ, పిల్లలు బాగానే చేస్తున్నారు" అంది.

బాగానే చేస్తున్నారు, అది అబద్ధం కాదు. ఏడాది పొడవునా పాత ప్రశ్నపత్రాలు తెచ్చి గుండ్రాలు నింపించింది. పెన్సిల్ చెక్కడం దగ్గర్నుంచీ నేర్పింది. అందరికంటే ముందు బెంచీలో కూర్చునేది మా పిచ్చుక. బడి పక్క సందులో ఇస్త్రీ దుకాణం నడిపే ఆవిడ కూతురు. వేలెడంత మనిషి, నోరు మాత్రం నాకు పోటీ. తెలివైన పిల్లే గానీ తొందరెక్కువ, మొదట తోచిందాన్ని చటుక్కున నింపేస్తుంది. అక్కయ్య వెనక నుంచి టక్‌మనగానే నాలిక్కరుచుకుని, చెరిపేసి, రెండోసారి తప్పకుండా సరిగ్గా పెడుతుంది. మా బడిలో ఏడో తరగతి దాకా ఉంది, కలిపితే కలిపేది పెద్ద రోడ్డు అవతలి బడిలో. ఆ రోడ్డు మీద లారీలు పగలూ రాత్రీ ఆగవు. వాళ్ళమ్మ ముందే తేల్చి చెప్పేసింది: "పొద్దున్నా సాయంత్రం దాన్ని రోడ్డు దాటించడానికి నేను కొట్టు మూసుకుంటే కుదరదు టీచర్. ఒంటరిగా పంపే ధైర్యం నాకు లేదు. ఈ బడి ఉన్నన్నాళ్ళే దాని చదువు." అక్కయ్యకి ఈ మాట ముల్లులా గుచ్చుకుంది. బడి నిలబడటమంటే ఆవిడ దృష్టిలో ఆ పిల్ల నిలబడటమే.

పరీక్షకి ముందు టీచర్లకి శిక్షణ ఉంటుంది. మా బడి నుంచి ఒక్కరే రావాలన్నారు, అక్కయ్య వెళ్ళింది. తిరిగొచ్చాక ముఖంలో కళ లేదు. ఎక్కడో ఒక టీచరు కళ్ళతో సైగ చేశాడని ఆ గది పేపర్లన్నీ రద్దు చేశారట, ఆ టీచర్ని ఇంటికి పంపారట. "దగ్గినా సాయం చేసినట్టే లెక్క" అని శిక్షణలో చెప్పారట.

"అయితే నీ చేతులు కట్టేసుకో అక్కయ్యా" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. "పరీక్ష గదిలో ఎవరి పిల్లలకి వాళ్ళ టీచరు ఉండరులే. బయటి బడి నుంచి వస్తారు" అంది.

పరీక్ష రోజు పొద్దున్న ఆ రావలసిన బయటి టీచరు రాలేదు. పై ఆఫీసు పంపిన అబ్జర్వరు ఒక్కడే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి బూట్లు. మనిషి పక్కనుంచి వెళ్ళినా తెలియదు, అంత నిశ్శబ్దంగా నడుస్తాడు. ఫోన్లో ఎవరితోనో మాట్లాడి, "శిక్షణ తీసుకున్నవాళ్ళు మీరే కదా. మీరే ఉండండి, నేను వెనక కూర్చుంటాను. రూల్ ఒప్పుకుంటుంది" అన్నాడు అక్కయ్యతో.

"నా పిల్లలండీ వీళ్ళు. ఈవిణ్ణి పెట్టండి" అంది అక్కయ్య నన్ను చూపిస్తూ.

"ఆవిడకి శిక్షణ లేదు."

అయిపోయింది. నా నాలుగో తరగతికి సెలవిచ్చి, నన్ను వరండాలో కాపలా పెట్టారు, అటువైపు ఎవరూ మాట్లాడకుండా. నేను ఆ పరాయి బెంచీల్లో ఒకటి దించుకుని కిటికీ ఎదురుగా కూర్చున్నాను.

లోపల అక్కయ్య సూచనల కాగితం చదివింది. గంట మోగింది. ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో మణికట్టు గట్టిగా పట్టుకుని నడవడం మొదలెట్టింది. అమ్మయ్య అనుకున్నాను. ముప్పై ఏళ్ళ అలవాటుని అలా పట్టి ఆపడం నావల్ల అయ్యేది కాదు.

పిచ్చుక మొదటి గుండ్రం నింపింది. తలెత్తింది. అక్కయ్య వైపు చూస్తూ ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం ఆగింది. చప్పుడు లేదు. పిల్ల ముఖం విప్పారింది, రెండో ప్రశ్నకి వెళ్ళిపోయింది. పక్క బెంచీలో ఇంకో పిల్ల, దాని వెనక ఒక పిల్లాడు. నింపడం, తలెత్తడం, ఆగడం, నవ్వడం. గదంతా అంతే. ఎవరూ రబ్బరు ముట్టుకోలేదు. పిల్లలు ధీమాగా ఉన్నారని నేను సంబరపడ్డాను, తెలివితక్కువదాన్ని.

అప్పుడు అక్కయ్య ముఖం చూశాను. నెత్తురు చుక్క లేదు. పిచ్చుక వెనక నిలబడి ఆ పిల్ల కాగితం వంక చూస్తోంది. నాకు అప్పుడు అర్థమైంది. ఆవిడ కొట్టకపోతే ఒప్పు అని పిల్లల లెక్క. ఇవాళ కొట్టనని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఆవిడకీ తోచలేదు, రాష్ట్రమంతా తెలిసినట్టు మాట్లాడే నాకూ తోచలేదు.

ఆవిడ అబ్జర్వరు దగ్గరికి వెళ్ళింది. కిటికీ తెరిచే ఉంది, మాటలు వినబడ్డాయి.

"పిల్లలకి ఒక్క మాట చెప్పుకోనివ్వండి. జవాబు కాదు. ఇవాళ నేను బెంచీ కొట్టనని, అంతే."

"కాగితంలో లేని మాట ఏదీ చెప్పకూడదు మేడమ్."

"వాళ్ళు నా కోసం చూస్తున్నారండీ."

"చూడనివ్వండి. మీరు ఏమీ చెయ్యకండి" అన్నాడు. కఠినంగా అనలేదు. ధైర్యం చెబుతున్నట్టే అన్నాడు.

మళ్ళీ నడక. పిచ్చుక ఇంకో గుండ్రం నింపి తలెత్తింది. అక్కయ్య చేయి వెనక నుంచి ముందుకొచ్చింది. వేలు మడిచే ఉంది. బెంచీ అంచుకి బెత్తెడు దూరంలో ఆగింది. వెనక కుర్చీలో అబ్జర్వరు పెన్ను మూత తీశాడు. ఆ గదిలో కూర్చున్న పిల్లలందరి కాగితాలూ ఆ బెత్తెడు ఖాళీలో ఉన్నాయి. కొడితే ఇప్పుడే పోతాయి, కొట్టకపోతే నెమ్మదిగా పోతాయి. కొట్టక్కయ్యా అనాలనిపించింది నాకు, కొట్టొద్దనీ అనిపించింది. ఆవిడ చేయి మళ్ళీ వెనక్కి వెళ్ళింది. పిచ్చుక నవ్వి కాగితం తిప్పింది.

గంట కాకముందే అందరూ ఇచ్చేశారు. వరండాలోకి ఉరికొచ్చి అక్కయ్య చీర కొంగు పట్టుకుని వేలాడారు. "ఒక్కసారి కూడా కొట్టలేదు టీచర్! అందరివీ అన్నీ కరెక్టే!" అని ఒకటే గోల. ఆవిడ వాళ్ళ తలలు నిమురుతూ నిలబడింది. నేను ఆ ముఖం చూడలేక బెంచీ తీసి మళ్ళీ ఆ గుట్ట మీద పెట్టేశాను.

ఆ తర్వాత రోజుల్లో ఆవిడ గదిలోంచి చప్పుడు రాలేదు. పిల్లలకి అసలు సంగతి చెప్పేయమన్నాను. "ఫలితాలొచ్చేదాకా సంతోషంగా ఉండనీ" అంది. వేసవి గడిచేదాకా నాకు కంటి మీద కునుకు సరిగ్గా లేదు.

ఫలితాలతో పాటు రెండు కవర్లు వచ్చాయి. ఒకదాంట్లో ఎర్రగీత. రెండోదాంట్లో, పరీక్ష గదిని నియమాల ప్రకారం ఆదర్శంగా నిర్వహించినందుకు అక్కయ్యకి ప్రశంసా పత్రం. నవ్వాలో ఏడవాలో తెలియక నేను తిట్టడం మొదలెట్టాను. అబ్జర్వర్నీ, మిషన్నీ, కవరు తెచ్చినవాణ్ణీ కలిపి తిట్టాను. అక్కయ్య ఆ పత్రాన్ని మడిచి సంచీలో పెట్టుకుంది. ఆ వారంలోనే లారీ వచ్చింది. ఈసారి రెండు బళ్ళ బెంచీలూ ఎక్కించారు.

పెద్ద రోడ్డు అవతలి బడిలో మేం చేరిన సాయంత్రం ఇద్దరం కలిసి ఇస్త్రీ దుకాణానికి వెళ్ళాం. రోజూ తనే రోడ్డు దాటిస్తానని అక్కయ్య బతిమాలింది. పిచ్చుక వాళ్ళమ్మ పెట్టె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, మర్యాదగానే మాట్లాడింది.

"మీరు ఇంకో ఏడాదికి రిటైరైపోతారు టీచర్. ఆ తర్వాత? పైగా దానికి చదువు రాలేదని పైవాళ్ళే రాసి పంపారు కదా."

"రాదని కాదమ్మా..." అని అక్కయ్య ఆగిపోయింది.

పిచ్చుక బల్ల దగ్గర పీట మీద నిలబడి చొక్కాలు మడతపెడుతోంది. ఒకటి మడిచి, కాలరు సర్ది, అలవాటుగా తలెత్తి అక్కయ్య వంక చూసింది. ఒక్క క్షణం ఆగింది.

"మీరు కొట్టలేదు కదా టీచర్" అంది. "మరి తప్పులెలా అయ్యాయి?"

నాకు ఏడుపొచ్చింది. అక్కయ్య బల్ల దగ్గరికి వెళ్ళింది. వెనక ఉన్న చేయి ముందుకి తీసి, వేలు మడిచి, ఇస్త్రీ బల్ల మీద ఒక్కసారి టక్‌మని కొట్టింది.

పిచ్చుక వెంటనే చొక్కా మడత విప్పేసింది. దాని చేతులు చూసింది, గుండీలు చూసింది, కాలరు తిరగేసి చూసింది. అంతా సరిగ్గానే ఉంది.

"ఎక్కడ టీచర్ తప్పు?" అంది.