ఆర్పలేని పొయ్యి

మా వదినె పోయింది. మా ఆయనకు అక్క ఆమె. ఆమె ఊరు నర్మెట్ట నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను దేవుని అర్రలో దీపం వెలిగించబోతున్నాను. అగ్గిపుల్ల చేతిలోనే కాలిపోయింది. పక్కింటి ఆమె ఏడుపు మధ్యలో చెప్పిన మాట ఇంకా చెవిలో ఉంది. "పొద్దుగాల పెట్టెను ఎండకు పెట్టింది. అరుగు మీద కూసున్నది. కూసున్నది కూసున్నట్టే ఒరిగింది."

తెలంగాణ రాష్ట్రం ఇంకా రాలేదు. చూసే పోతానని పంతం పట్టిన మనిషి చూడకుండానే పోయింది.

ఆ పెట్టె గురించి చెప్పకుండా ఆమె గురించి చెప్పలేను. పొలాలకు కరెంటు అపరాత్రి వచ్చే కాలంలో, మోటరు పెట్టడానికి వెళ్ళిన ఆమె భర్త తెల్లారి శవమై ఇంటికి వచ్చాడు. దినాలు అయిపోయాక వదినె ఒకే మాట అంది. "కరెంటు ఎప్పుడిస్తరా అని మొకం జూసే బతుకు నాకొద్దు."

జనగామలో ఆడవాళ్ళకు ఎండతో వంట చేయడం నేర్పుతున్నారని విని వెళ్ళింది. నేర్చుకొని వచ్చి, వడ్రంగం చేసే వడ్లాయన చేత పెట్టె చేయించింది. చెక్క పెట్టె లోపల రేకు పెట్టె, రెంటి మధ్య సందు నిండా వడ్ల ఊక. రేకుకు నల్ల రంగు. పైన కిటికీ అద్దం. మూతకు తన పెళ్ళినాటి బీరువా అద్దం ఊడదీసి బిగించింది. "గా అద్దంల సూస్కునేదానికి ఇగ నాకేమున్నది? అన్నమన్న ఉడకనీ" అంది. ఆ మాట అన్నప్పుడు కూడా నవ్వింది.

మొదటి రోజు బియ్యం బియ్యంగానే ఉన్నాయట. అయినా వదల్లేదు. గిన్నెలకు కూడా నల్ల రంగు వేయాలనీ, పప్పు నానబెట్టాలనీ, పొద్దు జరిగిన కొద్దీ పెట్టెను జరపాలనీ, అన్నిటికంటే ముఖ్యంగా ఆత్రపడి అద్దం తెరవొద్దనీ ఒక్కొక్కటే తెలుసుకుంది. ఇంటి మీద నల్ల డ్రమ్ములో నీళ్ళు నింపితే సాయంత్రం స్నానానికి వేడిగా ఉండేవి. ఇంటి రేకుల మీద పెట్టిన చిన్న సోలారు పలక పగలంతా ఎండ తాగి, రాత్రి ఒక లాంతరు వెలిగించేది. మామిడి ఒరుగులు, మిరపకాయలు సరేసరి. ఊరంతా చీకటైనప్పుడు పిల్లలు పుస్తకాలు పట్టుకొని ఆమె అరుగు మీదికి చేరేవారు.

పొద్దున లేచి సూర్యునికి నీళ్ళు వదిలేది, నాలాగే. దండం పెట్టి ఊరుకునేది కాదు. "దండం పెట్టినం, ఇగ పని జెప్పాలె" అనేది.

"దేవునికి పని చెప్తరా వదినె?" అని నేను చెంపలు వేసుకున్నాను.

"మనింటి దేవుడే గద పిల్లా. ఇంట్లోల్లకు పని జెప్పకుంటే పొరుగోల్లకు జెప్తమా?"

అగ్గి ముట్టని అన్నం నైవేద్యానికి పనికొస్తుందా అని నాకు చాలా కాలం సందేహం. అదీ అడిగాను. "కట్టెల మంట యాడికెల్లి వచ్చిందే? ఆ చెట్టు ఎవని ఎండకు పెరిగింది?" అంది. ఆ రోజు నుంచి నేను నర్మెట్ట వెళ్ళినప్పుడల్లా ఆదివారం పాయసం ఆమె పెట్టెలోనే ఉడికింది.

రాష్ట్రం కోసం అందరం సమ్మెలోకి దిగిన సంవత్సరం, బొగ్గుబావులు ఆగాయి, బస్సులు ఆగాయి. మా ఆయన బావి పనివాడు. మేముండేది భూపాలపల్లిలో. చెల్పూరు కరెంటు కేంద్రం పొగగొట్టం మా వాకిట్లోకి కనిపిస్తుంది. అయినా చీకటి మాకే ఎక్కువ. కాలనీలో ఒక కాంట్రాక్టరు మనిషి మా ఆయన ముందే నవ్వాడు. "ఇంట్ల లైటు లేక, గ్యాసు రాక, నాలుగొద్దులైతే మీ ఆడోల్లే మిమ్ముల డ్యూటీకి తోల్తరు జూడు."

ఈ మాట ఎట్లా చేరిందో వదినెకు చేరింది. బస్సులు లేవు కదా, పెట్టెను చీరలో చుట్టుకొని ఆటోలు మారుతూ వచ్చేసింది. దిగీ దిగగానే తమ్ముణ్ణి అడిగింది. "ఎవడాడు, ఆడోల్లు తోల్తరన్నోడు? జర సూపియ్యి."

మర్నాడు రోడ్డు మీద వంటా వార్పు. తెలియని వారికి చెబుతున్నాను, రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని లేవడం మా నిరసన. తినకుండా లేస్తే ఓడినట్టే. బతుకమ్మ రోజులవి. కాలనీ ఆడవాళ్ళం వదినె పెట్టెను చూసి పొంగిపోయి, మా అలవాటు కొద్దీ పూజ చేశాం. అద్దానికి పసుపు రాశాం, కుంకుమ పెట్టాం, తంగేడు పూలు పరిచాం. హారతి కూడా ఇచ్చాం. చాలాసేపటికి వదినె వచ్చి చూస్తే గిన్నెల్లో బియ్యం రాళ్ళలా ఉన్నాయి.

"ఓ లచ్చుమ్మలారా! గా సూర్యుని కండ్లకు గంతలు గట్టి అన్నం ఉడుకుమంటరా? పూలు తీయుండ్రి!" అని అరిచి, కొంగు తడిపి అద్దం తుడిచింది. మేం నవ్వలేక, నవ్వు ఆపుకోలేక నిలబడ్డాం.

అన్నం సగం ఉడికే వేళకు పోలీసులు వచ్చారు. బకెట్లతో నీళ్ళు తెచ్చి పొయ్యిలన్నీ ఆర్పారు. ఎసళ్ళు దొర్లాయి, బూడిద నీళ్ళు రోడ్డంతా పారాయి. "వంట అయిపోయింది, ఇగ లేవుండ్రి" అన్నాడు పోలీసుల్లో ఒకాయన. కొందరు చీర చెంగులు దులుపుకొని లేవబోయారు కూడా. నేనూ సగం లేచాను, దాచడం ఎందుకు.

వదినె పెట్టె పక్కన మఠం వేసుకొని కూర్చుంది. ఆయన ఆమె దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, ఇదేంది? దీన్ని గూడ ఆర్పు."

"ఆర్పు కొడుకా, నేనేమన్న అడ్డమొస్తున్ననా?" అంటూ ఆకాశం వైపు వేలు చూపింది. "గదిగో, ఆడున్నది మంట. బకెటు అందుతదేమో జూడు."

ఆయన నిజంగానే తల ఎత్తి చూశాడు. రోడ్డంతా గొల్లున నవ్వింది. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. ఇంతలో మబ్బు కమ్మింది. నేను ఆదిత్యుణ్ణి తలచుకొని కళ్ళు మూసుకున్నాను. "కండ్లు మూస్తే పెట్టెను ఎవరు జరుపుతరు? పట్టు" అని వదినె నా చేతిని పెట్టె మీద పెట్టింది. మబ్బు పోయింది. పెట్టెను జరిపాం. ఎండను అద్దంతో పట్టి గిన్నెల మీద పోశాం. అన్నం ఉడికింది. అంతమందికి ఏం సరిపోతుంది? అరచేతిలో ఇంత ముద్ద, పైన ఒరుగుల పచ్చడి. అందరం తిన్నాం. తిన్నాకే లేచాం. ఆ పోలీసాయనకు కూడా ఒక ముద్ద ఇవ్వబోయింది. ఆయన తీసుకోలేదు కానీ బకెటు పక్కన పెట్టేశాడు.

రాష్ట్రం రాకుండానే సమ్మె ఆగిపోయింది, మా మగవాళ్ళు తలలు వంచుకొని డ్యూటీకి పోయారు. ఆమె మాత్రం "సమ్మె ఆగింది గని పొద్దు ఆగిందా?" అని మర్నాడు పెట్టెను ఎండకు పెట్టింది. తర్వాత మానుకోటలో రైలు పట్టాల పక్కన కూర్చున్నప్పుడూ, జనగామ చౌరస్తాలోనూ ఆ పెట్టె ఉంది. ఎక్కడ రోడ్డు మీద కూర్చుంటే అక్కడికి మోసుకుపోయేది.

మొన్న ఆమె దినాలు అయ్యాక నర్మెట్టలో మా పెద్దమామ పద్ధతి చెప్పాడు. పోయిన మనిషి మంచం, బట్టలు ఇంట్లో ఉంచొద్దు, ఇచ్చేయాలి, లేదా పారేయాలి. పెట్టెను కూడా వాకిట్లో ఆ కుప్ప మీదికి చేర్చారు. నేను పెద్దల ముందు ఏనాడూ నోరు తెరిచిన మనిషిని కాను. ఆ రోజు తెరిచాను.

"మామా, మీ పద్ధతి ఇంట్ల ఉండే సామానుకు. ఇది రోడ్డు మీద ఉండేది."

"ఎవరు మోస్తరే దాన్ని?" అన్నాడు ఆయన.

"నేను మోస్త."

ఎల్లుండి మళ్ళీ భూపాలపల్లిలో వంటా వార్పు ఉంది. పెట్టెను ట్రాలీ ఆటోలో కట్టి, అద్దానికి వదినె చీరే చుట్టాం. నర్మెట్ట దాటకముందే కుదుపులకు చీర జారింది. మళ్ళీ చుట్టబోయి ఆగిపోయాను. అద్దంలోంచి ఒక వెలుగు ముక్క లేచి, మూసిన దుకాణాల తలుపుల మీద, కరెంటు లేని స్తంభాల మీద, గోడల మీద మేం రాసుకున్న జై తెలంగాణ అక్షరాల మీద, మా కంటే ముందు పరుగెత్తుతూ పోయింది.