అరవై దాటితే గంట

రావులపాలెం సెంటర్లో చిట్టియ్య వాచీలు రిపేరు చేసేవాడు. బ్యాటరీ వాచీలొచ్చాక కీ వాచీలు పట్టుకొచ్చేవాళ్ళు తగ్గిపోయారు. తొంభై ఎనిమిదిలో ఓ ఆదివారం పేపర్లో ఒక ముక్క చదివాడు. విదేశాల్లో కరెంటు చిప్పులకి బదులు, కంటికి ఆననంత చిన్న మీటలతో, చక్రాలతో కంప్యూటర్లు చేయాలని చూస్తున్నారట.

"చూశావా, మన పనే!" అని భార్య వీరవేణికి చూపించి, కొట్లో ఉన్న పాత వాచీలన్నీ విప్పేశాడు.

నెల తిరిగేసరికి కాఫీ ట్రే అంత యంత్రం తయారైంది. నలభైకి ముప్పై కలపమంది వీరవేణి. చిట్టియ్య కీ తిప్పాడు. చక్రాలు కిర్రుమంటూ కదిలి, మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో పది చూపించి ఆగాయి.

"ఒకటీ పదీ ఏంటండీ?"

చిట్టియ్య తల పట్టుకున్నాడు. "గంటా పది నిమిషాలే! గడియారం చక్రాలు కదా, అరవై దాటితే గంట అనుకుంటున్నాయి."

ఇక పది పళ్ళ చక్రాలు కొత్తగా కోయాలి. దానికి మంచి ఇత్తడి కావాలి. ఆ మాట వినగానే వీరవేణి ఇత్తడి గిన్నెలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేసింది.

అదే వారం ఆమె అన్న త్రిమూర్తులు గోడగడియారానికి నూనె వేయమని ఇచ్చి వెళ్ళాడు. మళ్ళీ వచ్చి చూసుకుంటే, దాని కింద ఊగే ఇత్తడి బిళ్ళ లేదు.

"బావగారూ, బిళ్ళ ఏదండి?"

"కంప్యూటర్లో ఉందండి."

త్రిమూర్తులు చెల్లెలి వంక చూశాడు.

"నన్ను చూడకన్నయ్యా, నా గిన్నెలు నేను దాచుకున్నాను," అందామె.

ఈసారి లెక్క కుదిరింది. ముప్పై ఏడుకి నలభై అయిదు కలిపితే ఎనభై రెండు. వీరవేణి వేళ్ళ మీద సరిచూసి అవునంది. చిట్టియ్య యంత్రాన్ని తువ్వాల్లో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వీధి చివరి కంప్యూటర్ సెంటర్‌కి పరిగెత్తాడు.

అక్కడ పాఠాలు చెప్పే గణేష్‌బాబు అరవైకి డెబ్బై కలపమన్నాడు. ముప్పై వచ్చింది.

"మరి వంద ఏదండీ?"

"వందకి ఇంకో చక్రం కావాలండి. మా బావగారికి ఉన్నది ఒక్కటే గడియారం."

గణేష్‌బాబు పడీపడీ నవ్వాడు. నవ్వు ఆగాక వంగి, చక్రాలకేసి చాలాసేపు చూశాడు. "గడి నిండితే అంకె పక్క గడిలోకి ఎలా పోతుందో మావాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కట్లేదండి. మా మెషీన్లో ఏమీ కనబడదు కదా. మీరొచ్చి తిప్పి చూపిస్తారా?"

అప్పట్నించి కొత్త బ్యాచ్ మొదలైనప్పుడల్లా చిట్టియ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేవాడు. మొదటి రోజునే దేవిశ్రీ అనే అమ్మాయి లేచి, "దీనికి వైరస్ వస్తే ఏం చేస్తారు మాస్టారూ?" అంది.

మాస్టారు అనిపించుకోవడం అదే మొదలు. చిట్టియ్య మెలికలు తిరిగిపోయాడు.

"వైరస్ సంగతి తెలీదమ్మా. వానాకాలం తుప్పు పడుతుంది. ఓ చుక్క నూనె వేసి ఎండలో కూర్చోబెడతాం."